క్వాంటమ్ కెమిస్ట్రీ అంటే అసలు ఏంటి? ప్రకటనలో ఒకటి, ఇంటర్వ్యూలో ఇంకొకటి

ఎమ్మెస్సీ_ఫైనలియర్
మొన్న ఒక మందుల కంపెనీ ఇంటర్వ్యూకి హైదరాబాద్ వెళ్లొచ్చాను. ప్రకటనలో "క్వాంటమ్ కెమిస్ట్రీ వచ్చినవాళ్లు కావాలి" అని ఉంది. వారం రోజులు నిద్ర మానుకుని పార్టికిల్ ఇన్ ఎ బాక్స్, హైడ్రోజన్ పరమాణువు, వేరియేషన్ పద్ధతి, హుకెల్ అన్నీ తిరగేశాను. నెట్ పరీక్ష సిలబస్‌లో ఉండేవి అవేగా. అక్కడ ముప్పావుగంట అడిగింది మొత్తం డాకింగ్ గురించే. ఏ సాఫ్ట్‌వేర్ వాడావు, స్కోరు ఎంతొస్తే నమ్ముతావు, ప్రోటీన్ ఫైల్లో నీళ్లు ఎప్పుడు తీసేస్తావు... క్వాంటమ్ సమీకరణం రాసిన ష్రోడింగర్ పేరు ఒక్కసారి వచ్చింది, అదీ సాఫ్ట్‌వేర్ పేరుగా.

అవమానం అక్కడితో ఆగలేదు. ఇంటికొస్తే నాన్న అడిగారు, "ఆ క్వాంటమ్ అంటే ఏంటమ్మా, అమరావతిలో పెడతామంటున్నారే, అదేనా?" కాదన్నాను. మరి ఏది అంటే నోరు పెగల్లేదు. రెండేళ్లు చదివిన సబ్జెక్టు పేరుకి అర్థం చెప్పలేకపోయాను.

ఈ మాటకి హద్దు ఎక్కడ? డాకింగ్ కూడా క్వాంటమ్ కెమిస్ట్రీయేనా? నేనే తప్పు చదివానా?

గుంటూరు_కారం
ష్రోడింగర్ పిల్లిలాగే మీ ఉద్యోగం కూడా. మెయిల్ తెరిచేదాకా వచ్చినట్టే, రానట్టే.

ఎమ్మెస్సీ_ఫైనలియర్
తెరిచేశాను. పిల్లి పోయింది.

బెంజీన్_బాబాయ్
మీరు తప్పేం చదవలేదమ్మా. ప్రకటన రాసింది హెచ్‌ఆర్ వాళ్లు. పదిహేనేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను, ఇలాంటివి బోలెడు చూశాను.

డాకింగ్ క్వాంటమ్ కెమిస్ట్రీ కాదు. ప్రోటీన్‌లో ఒక గుంత ఉంటుంది, మందు అణువు అందులో ఎలా కుదురుకుంటుందో చూస్తాం. ఆ లెక్కలో పరమాణువులు గోళీలు, బంధాలు స్ప్రింగులు. ఎలక్ట్రాన్ అనే మాటే ఉండదు. ప్రతి పరమాణువు మీదా ఇంత విద్యుదావేశం అని ముందే ఒక అంకె అతికించి పెడతారు, అంతే.

క్వాంటమ్ కెమిస్ట్రీ అంటే ఆ గోళీలూ స్ప్రింగులూ పక్కన పడేసి, కేంద్రకాలు ఇక్కడున్నాయి, ఎలక్ట్రాన్లు ఇన్ని, ఇక శక్తి ఎంతో, ఆకారం ఏంటో, రంగు ఏంటో సమీకరణం నుంచే రాబట్టడం. బంధం తెగే లెక్క కావాలంటే ఇదే గతి. మామూలు స్ప్రింగుకి సాగడమే తెలుసు, తెగడం తెలీదు.

వరంగల్_వేణు
బాబాయ్, అట్లైతే కంప్యుటేషనల్ కెమిస్ట్రీ అంటే? మా డిపార్ట్‌మెంట్‌ల రెండూ ఒకటే అన్నట్టు మాట్లాడుతరు.

బెంజీన్_బాబాయ్
కంప్యూటర్ గరిటె లాంటిది. గరిటె పెట్టి తిప్పిందంతా సాంబారు కాదు. డాకింగ్, మాలిక్యులర్ డైనమిక్స్, గణాంకాలతో గుణాలు అంచనా వేయడం అన్నీ కంప్యుటేషనల్ కిందికే వస్తాయి. వాటిలో ఎలక్ట్రాన్ల సమీకరణం సాధించే భాగమే క్వాంటమ్ కెమిస్ట్రీ. అసలు కంప్యూటర్లు లేనప్పుడే అది పుట్టింది. ఆ చరిత్ర మాస్టారు చెబితేనే బాగుంటుంది.

రిటైర్డ్_మాస్టారు
పిలిచారు కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను. మనవడు నిద్రపోయాడు, టైముంది.

ష్రోడింగర్ సమీకరణం 1926. మరుసటి ఏడాదే, 1927లో, వాల్టర్ హైట్లర్, ఫ్రిట్జ్ లండన్ అనే ఇద్దరు కుర్రాళ్లు జ్యూరిక్‌లో దాన్ని హైడ్రోజన్ అణువుకి పెట్టి చూశారు. (లండన్ అంటే ఊరు కాదు, మనిషి. మా క్లాసులో ఏటా ఒకడు పొరబడేవాడు.) రెండు హైడ్రోజన్ పరమాణువులు దగ్గరికొస్తే ఎందుకు అతుక్కుంటాయి? విద్యుత్ ఆకర్షణ ఒక్కదానితో లెక్కేస్తే ఆ బలం చాలదు. వీళ్లు ఏం చేశారంటే, ఒకటో ఎలక్ట్రాన్ ఈ కేంద్రకం దగ్గర, రెండోది ఆ కేంద్రకం దగ్గర అనే అమరికనీ, వాటిని తారుమారు చేసిన అమరికనీ కలిపి రాశారు. రెండు ఎలక్ట్రాన్లనీ గుర్తుపట్టి వేరు చేయలేం కాబట్టి అలా కలపక తప్పదు. కలపగానే శక్తి దిగిపోయింది, బంధం వచ్చేసింది. ఆ పద్ధతిలో బంధ శక్తి సుమారు 3.1 ఎలక్ట్రాన్ వోల్టులు వస్తుంది. ప్రయోగం చెప్పేది సుమారు 4.75. అంకె తక్కువే, కానీ బంధం ఎందుకు పుడుతుందో అప్పుడే తెలిసింది. 1933లో జేమ్స్, కూలిడ్జ్ అనేవాళ్లు 13 పదాలున్న తరంగ ప్రమేయం (ఎలక్ట్రాన్లు ఎక్కడుండే అవకాశం ఎంతో దీన్నుంచే తెలుస్తుంది) రాసి, చేతి లెక్కలతో, దాదాపు 4.7 దాకా లాక్కొచ్చారు.

ఇక పేరు. వియన్నా మనిషి ఆర్థర్ హాస్ 1929లోనే తన ఉపన్యాసాల పుస్తకానికి క్వాంటెన్‌కెమీ అని పేరు పెట్టాడు. ఆ పేరుతో నిజమైన పాఠ్యపుస్తకం రాసింది హాన్స్ హెల్మాన్. అది 1937లో రష్యన్‌లోనూ జర్మన్‌లోనూ వచ్చింది. భార్యది యూదు కుటుంబమని జర్మనీలో ఉద్యోగం తీసేస్తే మాస్కో వెళ్లాడు. పుస్తకం వచ్చిన మరుసటి ఏడాది, 1938లో, స్టాలిన్ మనుషులు గూఢచారి అని ముద్ర వేసి కాల్చేశారు. అప్పటికి నలభై కూడా నిండలేదు.

ఎమ్మెస్సీ_ఫైనలియర్
హెల్మాన్-ఫైన్‌మన్ సిద్ధాంతంలో హెల్మాన్ ఈయనేనా? రెండు మార్కుల ప్రశ్నకి బట్టీ పట్టాను. ఎవరూ ఈ కథ చెప్పలేదు.

రిటైర్డ్_మాస్టారు
ఆయనే. నేనూ ముప్పై ఏళ్లు చెప్పకుండానే పాఠం చెప్పాను. రిటైరయ్యాక చదివాను.

పాతసామాను
మాస్టారి మీద గౌరవంతోనే ఒక మాట. 1927ని పుట్టినరోజు అనడం ఫిజిక్స్ వాళ్ల లెక్క. బంధమంటే రెండు పరమాణువులు పంచుకున్న ఎలక్ట్రాన్ల జంట అని జి.ఎన్. లూయిస్ 1916లోనే చుక్కలు పెట్టి చెప్పాడు. కెమిస్టులకి బొమ్మ ముందే తెలుసు, ఫిజిక్స్ వాళ్లు వచ్చి సంతకం పెట్టారు.

రిటైర్డ్_మాస్టారు
బొమ్మ తెలుసు, ఒప్పుకుంటాను. అయితే జంటే ఎందుకు, మూడెందుకు కాదు అంటే లూయిస్ దగ్గర జవాబు లేదు. దానికి స్పిన్ కావాలి, అంటే ఎలక్ట్రాన్‌కి రెండే రకాలుగా ఉండగలిగే ఒక గుణం.

పాతసామాను
అదీ నిజమే. కానీ ఆ జవాబు వచ్చాక 1929లో ఫిజిక్స్ ఆయన డిరాక్ ఏమన్నాడు? కెమిస్ట్రీ మొత్తానికీ కావలసిన నియమాలు తెలిసిపోయాయి, ఇక మిగిలిన చిక్కల్లా ఆ సమీకరణాలు సాధించలేకపోవడమే అన్నాడు. "మిగిలిన చిక్కల్లా" అట! పెళ్లికి అన్నీ కుదిరాయి, పిల్ల ఒప్పుకోవడమే తరువాయి అన్నట్టుంది.

హ్యూస్టన్_బిడ్డ
ఆ చిక్కుతోనే నేను ఇక్కడ అయిదేళ్లుగా పీహెచ్‌డీ చేస్తున్నాను, కాబట్టి డిరాక్‌కి నా తరఫున కృతజ్ఞతలు.

ఎంత చిక్కో చూడండి. నీటి అణువు తీసుకోండి. ఎలక్ట్రాన్లు 10. ఒక్కోదాని చోటు చెప్పాలంటే మూడు అంకెలు, అంటే తరంగ ప్రమేయానికి 30 చలరాశులు. ఒక్కో దిక్కునా పదే పది చోట్ల దాని విలువ రాసిపెట్టుకుందాం అనుకున్నా 10ని 30 సార్లు గుణించినన్ని అంకెలు. ఒకటి పక్కన 30 సున్నాలు, ఒక్క నీటి చుక్కకి కూడా కాదు, ఒక్క అణువుకి. కాఫీలో ఉండే కెఫీన్‌కి ఎలక్ట్రాన్లు 102. దాని సంగతి ఎత్తకపోవడమే మంచిది.

అందుకే ఉజ్జాయింపులు. నా దృష్టిలో క్వాంటమ్ కెమిస్ట్రీ అంటే ఏది వదిలేస్తే జవాబు చెడదో కనిపెట్టే విద్య. ప్రతి ఎలక్ట్రాన్ మిగతావాటి సగటును మాత్రమే చూస్తుంది అనుకుంటే హార్ట్రీ-ఫాక్. ఒకదాన్నొకటి తప్పించుకు తిరగడం కూడా లెక్కలోకి తెస్తే కపుల్డ్ క్లస్టర్. అందులో మేం నమ్మే రకానికి అణువు సైజు రెట్టింపైతే పని 128 రెట్లు అవుతుంది. గంటలో అయ్యే లెక్కకి అయిదు రోజులు దాటుతుంది. మా గైడుకి మాత్రం అది రేపటికి కావాలి.

వరంగల్_వేణు
మరి డీఎఫ్‌టీ (డెన్సిటీ ఫంక్షనల్ థియరీ)? దాన్ని మా సార్ అసలు క్వాంటమ్ కెమిస్ట్రీ అనుడే తప్పంటడు. తరంగ ప్రమేయం లేదట, ఫిజిక్స్ వాళ్ల షార్ట్‌కట్ అట.

హ్యూస్టన్_బిడ్డ
మీ సార్ కొంచెం మడి కట్టుకున్నట్టున్నారు. డీఎఫ్‌టీలో 30 చలరాశులు పక్కన పెట్టి ఎలక్ట్రాన్ సాంద్రత చూస్తాం. దానికి మూడే చలరాశులు. అది చాలు అని నిరూపించింది హోహెన్‌బర్గ్, కోన్, 1964లో. వాడుకునే దారి చూపింది కోన్, షామ్, 1965లో. దాని వెనకా ఉన్నది క్వాంటమ్ మెకానిక్సే. ఈరోజు వచ్చే పేపర్లలో డీఎఫ్‌టీ తీసేస్తే పత్రికలు సగం ఖాళీ అవుతాయి.

పాతసామాను
ఇక్కడ తమాషా ఒకటుంది. 1998 నోబెల్ కెమిస్ట్రీ బహుమతి ఇద్దరికిచ్చారు. జాన్ పోపుల్‌కి ఇస్తూ "క్వాంటమ్ కెమిస్ట్రీలో కంప్యుటేషనల్ పద్ధతులు" అని రాశారు. వాల్టర్ కోన్‌కి ఇస్తూ "డెన్సిటీ ఫంక్షనల్ సిద్ధాంతం" అని ఊరుకున్నారు. అంటే నోబెల్ వాళ్లే కోన్ దగ్గర ఆ మాట వాడలేదు! వేణు గారి సార్‌కి చెప్పండి, సంతోషిస్తారు.

బెంజీన్_బాబాయ్
ఆయనకి పండగ చేసుకునే కారణం ఇస్తున్నారు మీరు. ఇద్దరికీ ఒకే బహుమతి పంచారు కదా, అది కూడా చెప్పండి. ఇంకోటి, 2013 నోబెల్ కార్‌ప్లస్, లెవిట్, వార్షెల్‌లకి వచ్చింది దేనికి? ప్రోటీన్‌లో రసాయన చర్య జరిగే చిన్న ముక్కకి ఎలక్ట్రాన్ల లెక్క, చుట్టూ ఉన్నదానికి గోళీలూ స్ప్రింగులూ. రెండింటినీ కుట్టేశారు. మందుల కంపెనీలో నిజంగా క్వాంటమ్ కెమిస్ట్రీ వాడే చోటు అలాంటిదే. ఫైనలియర్ గారూ, ఈసారి ఇంటర్వ్యూలో వాళ్లని ఎదురు ప్రశ్న అడగండి: మీరు ఎలక్ట్రాన్లని లెక్కలోకి తీసుకుంటారా, లేదా?

గుంటూరు_కారం
అలా అడిగితే ఉద్యోగం ఇస్తారా బాబాయ్?

బెంజీన్_బాబాయ్
ఇవ్వకపోవచ్చు. కానీ తృప్తి ఉంటుంది.

పొలంగట్టు
అందరూ క్వాంటమ్ క్వాంటమ్ అంటున్నారు, తెలుగులో ఏమనాలి? నేను డిగ్రీ తెలుగు మీడియం. "క్వాంటం రసాయన శాస్త్రం" అని చదివాను, సగం ఇంగ్లీషు సగం సంస్కృతం. ఎక్కడో "గుళిక వాదం" అని చూశాను. గుళికలంటే మాకు వరికి చల్లేవే గుర్తొస్తాయి.

గుంటూరు_కారం
గుళిక రసాయనం అంటే ఇంకా దారుణం. నేరుగా పురుగుమందు షాపులోకి వెళ్లిపోతాం.

రిటైర్డ్_మాస్టారు
లాటిన్‌లో ఆ మాటకి అర్థం "ఎంత" అనే. శక్తి ధారగా కాకుండా ఇంత, ఇంత అని లెక్కపెట్టినట్టు పొట్లాలుగా వస్తుందని ప్లాంక్ 1900లో అన్నాడు కదా, అందుకు సరిపోయింది. గుళిక అన్నవాళ్ల ఊహ చెడ్డదేం కాదు. క్లాసులో మాత్రం నేనెప్పుడూ క్వాంటమ్ అనే అన్నాను. పిల్లలు నవ్వితే పాఠం నడవదు.

పొలంగట్టు
ఇంకో తిరకాసు. మన పుస్తకాల్లో అణువు అంటే రెండు మూడు కలిసినది, పరమాణువు అంటే ఒక్కటి. బయటికొస్తే పేపర్లో అణుబాంబు, అణు విద్యుత్. అవి పరమాణువు కేంద్రకంవి కదా? ఇంటర్లో దీని దగ్గరే నాకు మార్కులు పోయాయి.

రిటైర్డ్_మాస్టారు
దీనికి నా దగ్గర జవాబు లేదు నాయనా.

నైట్‌షిఫ్ట్_కోడర్
అమరావతి సంగతి ఎవరూ చెప్పలేదు. మాది సాఫ్ట్‌వేర్, తప్పైతే దిద్దండి. అక్కడ క్వాంటమ్ వ్యాలీలో 156 క్యూబిట్ల (మామూలు కంప్యూటర్‌లో బిట్ లాంటివి) ఐబీఎం యంత్రం పెడతామని 2025లో ప్రకటించారు. అది క్వాంటమ్ కంప్యూటింగ్. లెక్క చేసే యంత్రమే క్వాంటమ్ నియమాల మీద నడుస్తుంది. క్వాంటమ్ కెమిస్ట్రీలో నడిచేది మామూలు కంప్యూటరే, లెక్కించే వస్తువు క్వాంటమ్. ఫైనలియర్ గారి నాన్నగారికి ఇలా చెబితే సరిపోతుందా?

హ్యూస్టన్_బిడ్డ
సరిగ్గా చెప్పారు. రెండూ కలిసే చోటు ఒకటుంది. ప్రకృతి క్వాంటమ్‌ది కాబట్టి దాన్ని అనుకరించే యంత్రమూ క్వాంటమ్‌దే కావాలని ఫైన్‌మన్ 1981లో ఒక ఉపన్యాసంలో అన్నాడు. ఆ యంత్రాలకి మొదటి గిరాకీ కెమిస్ట్రీ నుంచేనని ఆశ. ఆశే సుమా. 2017లో ఐబీఎం వాళ్లు ఆరు క్యూబిట్లతో బెరీలియం హైడ్రైడ్ దాకా వచ్చారు. మూడే పరమాణువులు. నా పాత ల్యాప్‌టాప్ అదే లెక్క టీ తాగేలోపు చేసేస్తుంది. వాళ్ల పని గొప్పదే, కానీ "రేపే కొత్త మందులు" అనే వార్తల్ని చూసి టెన్షన్ పడి మా వాళ్లెవరూ ఉద్యోగాలు మానుకోవడం లేదు.

అరకు_కాఫీ
ఇంకో రకం క్వాంటమ్ ఉంది, మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో. క్వాంటమ్ నీళ్లు, క్వాంటమ్ వైద్యం, మెడలో వేసుకునే క్వాంటమ్ పెండెంట్. మా పెద్దమ్మ ఒకటి కొంది, 5జీ నుంచి కాపాడుతుందట.

బెంజీన్_బాబాయ్
నవ్వేసి ఊరుకోకండి. అలాంటి 5జీ పెండెంట్లు, బ్రేస్‌లెట్లు కొన్నింట్లో రేడియోధార్మిక పదార్థం ఉందని నెదర్లాండ్స్ అణు భద్రతా సంస్థ 2021 డిసెంబరులో హెచ్చరించింది. అందులో ఏముందో తేలేదాకా పెద్దమ్మని తీసి పక్కన పెట్టమనండి.

అరకు_కాఫీ
ఫోన్ చేశాను. బీరువాలో నగల మధ్య పెట్టిందట. "రెండు వేలు పోసి కొన్నాను, పారేస్తానా" అంది.

క్యారెట్_హల్వా
ఇంత పెద్ద చర్చలో సింపుల్ ఉదాహరణ ఎవరూ ఇవ్వలేదేం? మా లెక్చరర్ చెప్పేవారు, క్యారెట్ నారింజ రంగులో ఎందుకుంది అంటే పార్టికిల్ ఇన్ ఎ బాక్స్. బీటా కెరోటిన్‌లో 11 డబుల్ బాండ్లు వరసగా ఉంటాయి, ఆ 22 ఎలక్ట్రాన్లు పొడుగాటి పెట్టెలో తిరుగుతాయి, పెట్టె పొడుగైతే శక్తి మెట్ల మధ్య ఎడం తగ్గి రంగు కనబడుతుంది. క్వాంటమ్ కెమిస్ట్రీ అంటే ఇదే. నాన్నగారికి క్యారెట్ చూపించండి చాలు.

హ్యూస్టన్_బిడ్డ
చెప్పడానికి బాగుంటుంది, లెక్క వేస్తే దొరికిపోతారు. పెట్టె పొడవు 21 బంధాలు, ఒక్కోటి 1.4 ఆంగ్‌స్ట్రామ్, మొత్తం 29 పైచిలుకు. మెట్టుకి రెండు ఎలక్ట్రాన్ల చొప్పున 22 ఎలక్ట్రాన్లతో 11 మెట్లు నిండుతాయి, 11వ మెట్టు నుంచి 12వ మెట్టుకి దూకించండి. తరంగదైర్ఘ్యం 1200 నానోమీటర్ల పైన వస్తుంది. అది కంటికి కనబడని పరారుణం. మీ పెట్టె ప్రకారం క్యారెట్‌కి రంగే ఉండకూడదు. నిజంగా అది పీల్చుకునేది 450 దగ్గర నీలిరంగు, అందుకే మిగిలిన నారింజ మనకి కనబడుతుంది.

క్యారెట్_హల్వా
ఇప్పుడే కాలిక్యులేటర్‌లో వేశాను. 1239. పదేళ్లుగా ఈ ఉదాహరణ ట్యూషన్ పిల్లలకి చెబుతున్నాను, ఒక్కడూ లెక్క వేసి చూడలేదు. నేనూ వేయలేదు. ఎక్కడ తప్పు?

హ్యూస్టన్_బిడ్డ
కెరోటిన్‌లో బంధాలన్నీ సమానం కావు. ఒకటి పొట్టి, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. అంటే పెట్టె అడుగు చదునుగా లేదు, మిట్టపల్లాలుగా ఉంది. అందుకే మెట్ల మధ్య ఎడం పెరుగుతుంది. సయనీన్ రంగుల్లో బంధాలు దాదాపు సమానం కాబట్టి అక్కడ మీ పెట్టె బాగా పనిచేస్తుంది. ట్యూషన్‌లో క్యారెట్ తీసేసి సయనీన్ పెట్టండి.

క్యారెట్_హల్వా
సయనీన్ హల్వా అని పేరు మార్చుకోవాలా ఇప్పుడు.

మెకానిక్_షాపు_పక్కిల్లు
క్యారెట్ కంటే మంచిది చెబుతా. బండి బ్యాటరీ. సీసం చాలా బరువైన మూలకం, దాని లోపలి ఎలక్ట్రాన్లు కాంతి వేగంలో సగానికి పైగా వేగంతో పోతుంటాయి కాబట్టి ఐన్‌స్టీన్ సాపేక్షత కూడా కలిపి లెక్క కట్టాలి. 2011లో అలా కడితే, ఒక్కో సెల్‌లో వచ్చే సుమారు 2.1 వోల్టుల్లో 1.7 పైగా సాపేక్షత వల్లే అని తేలింది. అది లేకపోతే కారు స్టార్ట్ కాదు.

గుంటూరు_కారం
మా బండి డిసెంబరులో స్టార్ట్ కాదు. ఐన్‌స్టీన్ సెలవులో ఉన్నాడన్నమాట.

ఎమ్మెస్సీ_ఫైనలియర్
నిన్న ఇదంతా చదివి ఉక్రోషం వచ్చి పైఎస్‌సీఎఫ్ అనే క్వాంటమ్ కెమిస్ట్రీ సాఫ్ట్‌వేర్ దింపుకున్నాను, ఉచితమే. హైట్లర్, లండన్ చేసిన ఆ హైడ్రోజన్ అణువే తీసుకున్నాను. ఎడం 0.74 ఆంగ్‌స్ట్రామ్, హార్ట్రీ-ఫాక్, బాగా చిన్న బేసిస్ (ఎలక్ట్రాన్ల ఆకారం కట్టడానికి వాడే తయారు ముక్కల సెట్) ఎస్‌టీవో-3జీ. శక్తి మైనస్ 1.1167 హార్ట్రీ (ఇక్కడ ఇది శక్తి కొలత, ఒకటి అంటే సుమారు 27.2 ఎలక్ట్రాన్ వోల్టులు) వచ్చింది. విడి పరమాణువుకి మైనస్ 0.4666. రెండు పరమాణువులవి తీసేస్తే 0.1835, అంటే 4.99 ఎలక్ట్రాన్ వోల్టులు. మాస్టారు చెప్పిన 4.75కి ఇంత దగ్గరగా! రెండేళ్లు క్లాసులో కూర్చున్నా రాని ఆనందం వచ్చింది.

బెంజీన్_బాబాయ్
ఆనందం పాడుచేస్తున్నందుకు తిట్టుకోకమ్మా. విడి హైడ్రోజన్ పరమాణువు శక్తి ఎంతుండాలి?

ఎమ్మెస్సీ_ఫైనలియర్
మైనస్ 0.5. అయ్యో. నాకు 0.4666 వచ్చింది.

బెంజీన్_బాబాయ్
అదీ. పరమాణువునీ తప్పు లెక్కించింది, అణువునీ తప్పు లెక్కించింది, రెండు తప్పులూ ఒకదాన్నొకటి కప్పేసుకున్నాయి. అణువు అసలు శక్తి మైనస్ 1.1745. బేసిస్ పెంచి చూడు, సీసీ-పీవీటీజెడ్ పెట్టు.

ఎమ్మెస్సీ_ఫైనలియర్
పెట్టాను. పరమాణువు మైనస్ 0.4998కి వచ్చింది, చాలా బాగుంది. కానీ బంధ శక్తి 3.63కి పడిపోయింది! పెద్ద బేసిస్ పెడితే ఇంకా చెడిందేంటి?

హ్యూస్టన్_బిడ్డ
చెడలేదు. ఇదే హార్ట్రీ-ఫాక్ అసలు రూపం, చిన్న బేసిస్ దాన్ని దాచిపెట్టింది. రెండు ఎలక్ట్రాన్లూ ఒకదాన్నొకటి తప్పించుకోవడం ఇందులో లేదు, ఒకటి పైచిలుకు ఎలక్ట్రాన్ వోల్టు అక్కడే పోయింది. ఇప్పుడు సీసీఎస్‌డీ పెట్టండి, ఇందాక చెప్పిన కపుల్డ్ క్లస్టర్‌లో ఒక రకం. ఉన్నవి రెండే ఎలక్ట్రాన్లు కాబట్టి ఆ బేసిస్‌లో అంతకంటే మంచి జవాబు ఉండదు.

పాతసామాను
జేమ్స్, కూలిడ్జ్ 1933లో చేత్తో తెచ్చిన అంకెని అందుకుంటుందో లేదో చూద్దాం. పందెం, అందుకోదు.

రిటైర్డ్_మాస్టారు
నేను మేలుకునే ఉన్నాను. అంకె పెట్టమ్మా.

ఎమ్మెస్సీ_ఫైనలియర్
4.70. రాత్రి పన్నెండున్నర అయింది, నాన్న గురక పెడుతున్నారు. లేపి చూపించనా?

గుంటూరు_కారం
లేపు. నిద్రమత్తులో "అమరావతిదేనా?" అంటారు.